బోర్లా నేసిన కారు

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, వరండాలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, కొత్త కారు పెట్టె విప్పాను. కారంటే మనుషులు ఎక్కేది కాదు. మూరెడు పొడవుండే రేడియో కారు. చేతిలో ఒక పెట్టె, నేల మీద కారు, రెండింటికీ మధ్య తీగ ఉండదు. విడి భాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. డెబ్బై దాటిన మనిషికి ఇదేం పిచ్చని మా ఇంట్లో ఆమె ఎనిమిది కార్ల నుంచీ అడుగుతూనే ఉంది. ఇది తొమ్మిదోది. కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మల పుస్తకం ఒక్కో పేజీ తిప్పుకుంటూ, వెనక చక్రాలను తిప్పే పళ్ళచక్రాల దగ్గరికి వచ్చేసరికి, ఎర్రరంగులో ఒక బాణం గుర్తు, దాని పక్కన దిక్కు చూసుకుని బిగించమని ఒక హెచ్చరిక కనబడ్డాయి. నా చెయ్యి ఆగిపోయింది. పైకే నవ్వేశాను. లోపలినుంచి ఆమె ఏమయిందని అడిగితే ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడమేమిటి! నా మొదటి కారు, మా నాయన, ధర్మవరం వీధిలో తడి పడుగు, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఆ పూట ఇక స్క్రూ డ్రైవరు పట్టుకోలేదు.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. చీర అంచు మీద, కొంగు మీద వచ్చే బొమ్మలను ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు. ఆ కాగితాన్ని మేం గ్రాఫు అంటాం. గ్రాఫు గీసేవాడు తప్పు చేస్తే మగ్గంలో ఎంత మొనగాడు కూర్చున్నా లాభం లేదు. మా ఇంట్లో గ్రాఫు గీసేది నేను, నేసేది నాయన. ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. నేసేవాడికి కనబడేది దాని వెనకవైపు. ముఖం కిందికి, నేలవైపు ఉంటుంది. కాబట్టి చీర మీద కుడివైపు రావలసిన బొమ్మ మగ్గం మీద ఎడమవైపు కనబడాలి. కంటికి సరిగ్గా కనబడిందంటే చీర మీద తప్పు పడినట్టే. గ్రాఫు గీసేవాడు ప్రతి బొమ్మనూ మనసులో ఒకసారి తిప్పుకుని గీయాలి. అయితే మాకు వచ్చేవి ఎక్కువగా హంసల జతలు, మామిడిపిందెలు. రెండు పక్కలా ఒకటే బొమ్మ కాబట్టి తిప్పినా తిప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఆ ధైర్యంతోనే నేను ఏడెనిమిదేళ్ళు మంచి పనివాడినని పేరు మోశాను.

హిందూపురంలో మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఒకాయన ఉండేవాడు. లావుపాటి మనిషి, గొంతు మాత్రం సన్నం. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. ఆయన ఒక గుడికి మొక్కుకుని, స్వామికి పట్టువస్త్రం నేసివ్వమని నాయనను అడిగాడు. మధ్యలో నామం, దానికి ఒకపక్క శంఖం, ఇంకోపక్క చక్రం. నాయన నలభై రోజులు మాంసం ముట్టకుండా నేశాడు. వస్త్రం గుడికి వెళ్ళింది, మూడో రోజున తిరిగి వచ్చింది. శంఖం ఉండవలసిన చోట చక్రం, చక్రం ఉండవలసిన చోట శంఖం పడ్డాయట. గ్రాఫు గీసేటప్పుడు నేను తిప్పడం మరిచాను. షావుకారు దాన్ని తెల్లబట్టలో చుట్టి మనిషిచేత పంపించాడంతే. నాయన దాన్ని అరుగు మీద పరిచి చాలాసేపు చూశాడు. లేచి లోపలికి వెళ్ళి నా గ్రాఫు పుస్తకం, పెన్సిలు, రబ్బరు, చెక్క స్కేలు తెచ్చి, అదే తెల్లబట్టలో మూటగట్టి, తన ట్రంకులో పెట్టి తాళం వేశాడు. ఇంక గ్రాఫు ముట్టొద్దన్నాడు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళయి మూడేళ్ళు. మర్నాటి నుంచి అమ్మ పక్కన కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టడం నా పని. గ్రాఫులు వేరే వీధివాడి చేత గీయించేవారు. వాడు మా ఇంటికి వచ్చి, నా కళ్ళముందే కాగితాలు పరిచి నాయనకు చూపించి వెళ్ళేవాడు. వీధిలో నాకు శంఖుచక్రం అని పేరు పడింది. ఆ ఏడాది నేను పడిన సిగ్గు ఇప్పుడు చెప్పుకుంటున్నా ఒళ్ళు వేడెక్కుతుంది. ఒక కొత్త జబ్బు కూడా పట్టుకుంది. ఏ బొమ్మ చూసినా, ఏ అక్షరం చూసినా తిప్పి చూసుకునేవాణ్ణి. గోడ మీద క్యాలెండరులో దేవుడి బొమ్మ, అగ్గిపెట్టె మీద బొమ్మ, బస్సు మీద ఊరి పేరు, ఏదీ వదల్లేదు. ఇంకొకసారి తిప్పడం మరిస్తే నా బతుకంతా కండెలేనని భయం.

ఎనభైల మొదట్లో, ఆ ఏడాది తిరిగివస్తుండగా, నేసిన చీరలు అప్పజెప్పడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని హిందూపురం వెళ్ళాడు. షావుకారు కొట్లో పరుపు మీద, చీరల పక్కన, పెద్ద రంగుల అట్టపెట్టె ఒకటి ఉంది. ఆయన అల్లుడు పట్టు తీసే యంత్రాలు చూడటానికి జపాను వెళ్ళి, వస్తూ వస్తూ తెచ్చాడట. లోపల కారు ముక్కలుముక్కలుగా ఉంది. బెంగళూరులో ఎవరో ఇంజనీర్లకు చూపిస్తే, పుస్తకమంతా జపాను భాష, మా వల్ల కాదన్నారట. నేను పుస్తకం తెరిచాను. చదవవలసింది ఏముంది? అన్నీ బొమ్మలే. ఏది ఎక్కడ కూర్చోవాలో గీతలు గీసి చూపించారు. ఏడాదిగా గీత గీయని చేతులు నావి, ఆ పేజీలు చూడగానే దాహం వేసినట్టయింది. నేను బిగిస్తానన్నాను. నాయన నా వైపు చూడకుండానే, "వానికొద్దు సామీ, చెడగొడతాడు" అన్నాడు. కొట్లో అయిదారుగురున్నారు. నాకు చెవులు కాలిపోయాయి.

షావుకారు నన్నూ, నాయననూ మార్చిమార్చి చూశాడు. ఆయనకు మా ఇంట్లో సంగతి అంతా తెలుసు. "పది దినాలకు ధర్మవరం వస్తా. నడిపిచ్చి చూపిచ్చప్పా. నడిస్తే నీ పెన్సిలు నీకు నేనే ఇప్పిస్తా. నడవలేదంటే ఇంగ ఆ మాట యాడా ఎత్తగూడదు" అన్నాడు. నాయన అవుననలేదు, కాదనలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. పెనుకొండ దాటి ధర్మవరం వచ్చేదాకా దాని మీంచి చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నం నాయన కునుకు తీసే వేళలో మగ్గాల గదిలో ఓ మూల కూర్చుని పని మొదలుపెట్టాను. స్క్రూలు, నట్లు చిన్నచిన్న సంచుల్లో ఉన్నాయి. వాటిని కండెల బుట్టల్లో వేరువేరుగా పోసుకున్నాను. కొత్త ప్లాస్టిక్ వాసన, నాయన మగ్గం దగ్గరి గంజివాసన కలిసి ఆ గదికి ఒక వింత వాసన పట్టింది. నాకు రంగుల మీద మోజు ఎక్కువ కాబట్టి ముందు చివరి పేజీ తెరిచాను. కారు పైకప్పు గాజులా తేటగా ఉండే పలచని ప్లాస్టిక్. దానికి రంగు బయట వేయకూడదు, లోపలినుంచి వేయాలి. బొమ్మలో కుంచె కప్పు కడుపులో ఉంది. అంకెలు కూడా లోపలినుంచి తిరగేసి రాస్తే బయటికి సరిగ్గా కనబడతాయి. అది చూసి నేను ఎంత మురిసిపోయానో! వెనకవైపు పనిచేస్తే ముందువైపు ముఖం వస్తుంది. జపాను వాళ్ళు కూడా మాలాగే బోర్లా పనిచేసేవాళ్ళే అనుకున్నాను.

నా కొంప అక్కడే మునిగింది. కప్పు తిరగేసి చెయ్యాలంటే మిగతా కారు కూడా తిరగేసే చెయ్యాలని లెక్కకట్టాను. పుస్తకంలో ప్రతి బొమ్మనూ, నా కొత్త జబ్బు చొప్పున, మనసులో తిప్పుకుని బిగించాను. ఎడమపక్క ఉండవలసిన పెద్ద పళ్ళచక్రం కుడిపక్క కూర్చుంది. ముందు చక్రాలను పక్కలకు తిప్పే కడ్డీ కూడా అవతలి పక్కకు వెళ్ళింది. అది పట్టదు పొమ్మంటే అప్పుడే అనుమానం వచ్చేది. పాడుది, ప్రతి ముక్కా కొలిచి చేసినట్టు కూర్చుంది. ఈసారి తిప్పడం మరవలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆరో రోజున ఒక చిన్న ఉక్కు క్లిప్పు, బియ్యపుగింజంత ఉంటుంది, వేళ్ళలోంచి ఎగిరి నాయన మగ్గం గుంటలో పడింది. నాయన మగ్గంలోనే కూర్చుని ఉన్నాడు, కాళ్ళు ఆ గుంటలోనే ఉన్నాయి. అది లేకపోతే వెనక చక్రం నిలవదు. అలాంటిది ఇంకొకటి జపానులో తప్ప దొరకదు. ఆయన్ని లేవమనడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం ఆయన లేచాక అమ్మా నేనూ గుంటలోని దుమ్మంతా చేటలోకెత్తి జల్లించాం. దొరకలేదు. పొద్దున లేచి చూస్తే క్లిప్పు కిటికీ గూట్లో, నేను పెట్టిన స్క్రూల పక్కనే ఉంది. ఎవరు పెట్టారని అమ్మనడిగితే తెలీదంది. నాయన మగ్గంలో కూర్చుని తల వంచుకుని నేస్తున్నాడు.

కారుకు బ్యాటరీ ఎక్కించడం ఇంకో గండం. పెనుకొండలో రేడియోలు బాగుచేసే సాయిబు ఒకాయనుండేవాడు. మా అమ్మ పుట్టిల్లు ఆ వీధే కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. షావుకారు వచ్చే ముందురోజు కారు సంచిలో పెట్టుకుని ప్యాసింజరులో ఆయన దగ్గరికి వెళ్ళాను. మామ ఒక లారీ బ్యాటరీకి, కారు బ్యాటరీకి మధ్య హెడ్‌లైటు బల్బు పెట్టి, కరెంటు నెమ్మదిగా ఎక్కేలా చేశాడు. ఎక్కువెక్కితే పేలుతుందని, అరచెయ్యి దాని మీదే ఉంచి, జ్వరం చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. నమాజుకు లేచినప్పుడు మాత్రం నా చెయ్యి పెట్టించి వెళ్ళాడు. నిండా ఎక్కాక కారును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాలు గాలిలో ఉండగా రేడియో పెట్టె మీద కర్ర ముందుకు తోశాను. చక్రాలు గిర్రున తిరిగాయి, ముందుకే తిరిగాయి. మేమిద్దరం చూసి సంతోషపడ్డాం. వెల్లకిలా పడుకున్న కారు చక్రం ముందుకు తిరుగుతున్నట్టు కనబడితే, లేచి నిలబడ్డాక అది వెనక్కి తిరుగుతుందని ఇద్దరికీ తట్టలేదు.

మామకు మాత్రం ఎక్కడో కొంచెం అనుమానం. "నేల మీద ఒగసారి ఇడిసి చూద్దామా అల్లుడా?" అన్నాడు. బ్యాటరీ పది నిమిషాలకన్నా ఎక్కువ రాదు. అయిపోతే మళ్ళీ ఎక్కించడానికి పూట పడుతుంది. బండికి వేళయింది. వద్దు మామా, రేపు సాయంత్రం స్కూలు మైదానంలో చూసుకుంటానన్నాను. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఏమయ్యేదోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

షావుకారు సాయంత్రం రావలసినవాడు పొద్దున్నే ఎనిమిదికల్లా జీపులో దిగాడు. మధ్యాహ్నానికి బెంగళూరులో ఉండాలట. మైదానానికి వెళ్దామంటే టైము లేదన్నాడు, ఈ వీధిలోనే నడుపు చూసిపోతానన్నాడు. చిక్కంతా అక్కడే. ఎందుకంటే ఆ పొద్దున ఎదురింటి పెద్దమ్మ వాళ్ళు వీధిలో పడుగు చాచి ఉన్నారు. మగ్గమెక్కించే ముందు నిలువుపోగులన్నీ వీధి పొడవునా లాగి, వెదురు కర్రల మీద ఆనించి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వుతారు. మూడు చీరల పడుగు, వేల పోగులు. తడికి బరువెక్కి మధ్యలో మోకాలి ఎత్తుకు జారి ఉంది. పెద్దమ్మ భర్త పోయాక ఆ ఇంటికి ఆ ఒక్క మగ్గమే ఆధారం. పడుగు తెగిందంటే రెండు నెలల కూడు పోయినట్టు.

నేను చాలా జాగ్రత్తపడ్డాను. పడుగుకు పదడుగుల దూరంలో కారును నేల మీద పెట్టి, దాని ముఖం అవతలికి, వీపు పడుగువైపు ఉండేలా నిలబెట్టాను. ముందుకు పోతే దూరంగానే కదా పోతుంది! వీధంతా అరుగుల మీదికి చేరింది. షావుకారు జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. నాయన మా అరుగు మీద స్తంభానికి చేరగిలబడి కూర్చున్నాడు, నా వైపే చూస్తున్నాడు. రేడియో పెట్టె నిండా నా చేతి చెమట. కర్ర ముందుకు తోశాను.

కారు వెనక్కి ఎగిరింది. ఎగిరి, తిన్నగా పడుగువైపు పరుగెత్తింది. వెనక్కి పోతోంది కదా అని నేను కర్రను ఇంకా గట్టిగా ముందుకు తోశాను. అది ఇంకా జోరుగా వెనక్కి పోయింది. పక్కకు తప్పిద్దామని, చక్రాలను మళ్ళించే రెండో కర్రను ఎడమకు తిప్పితే కుడికి తిరిగింది. కుడికి తిప్పితే ఎడమకు. నా చేతులు నావి కావనిపించింది. చివరికి భయంతో రెండు కర్రలూ వదిలేశాను. అప్పటికి కారు పడుగు కిందికి దూరి, సరిగ్గా నడిమధ్యలో ఆగింది. దాని వీపు మీద రేడియో తీగ ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం, నిలబెడితే మోకాలిదాటి వస్తుంది, ఆ తడి పోగుల కింద విల్లులా వంగి, కొన పోగులను పైకి నెడుతూ ఉంది. ఇంకాస్త అయితే పోగుల మధ్యకు దిగుతుంది. పెద్దమ్మ కుంచె పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

ఆమె కోడలు వంగి కారును పట్టుకోబోయింది. "ఎవురూ ముట్టుకోవద్దండి" అన్నాడు నాయన. గట్టిగా అనలేదు, కానీ అందరూ ఆగారు. అరుగు దిగి, వంగి పడుగు కింద చూశాడు. చేత్తో ఎత్తితే వంగిన గొట్టం పైకి లేచి పోగులను చీలుస్తుంది. వచ్చిన దారినే వెనక్కి లాగితే కొన గుచ్చుకుంటుంది. గొట్టం ఏ పక్కకు వాలిందో అది చూస్తే ఇంక మిగిలింది ఒకటే దారి. నాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నాడె సగంలో ఉండాది. ఎనక్కి తీసేదానికి లేదు. అట్లే ఆ పక్కకు పోనియ్యల్ల" అన్నాడు. నాడె అంటే మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పోయే చెక్క. అది నేసేవాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరికైనా అర్థమయ్యే మాట. నాకు అర్థం కానిది, ఏ కర్ర ఎటు తోస్తే ఆ కారు ఎటు పోతుందనేది. పెట్టె ఆయనకు ఇచ్చేద్దామని చాచాను. నిజం చెప్పాలంటే ఆయన తీసుకుంటాడనే అనుకున్నాను, తీసుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

నాయన తీసుకోలేదు. నా చేతుల్లో ఉన్న పెట్టెను రెండు పక్కలా పట్టుకుని, అవతలికి ఉన్న ఏరియల్ తీగ నా పొట్టకు తగిలేలా, కర్రలు పైనే ఉంచి, ముందుది వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టాడు. ఎడమచేతి కిందున్న కర్ర కుడిచేతి కిందికి వచ్చింది. "బోర్లా బిగించినావు, బోర్లా పట్టుకో. ఇప్పుడు పోనీ. నువ్వే పోనీ" అన్నాడు. అని, చేతులు రెండూ వీపు వెనక కట్టుకున్నాడు. అందరూ కారునే చూస్తుంటే ఆయన మొదటి నుంచీ నా చేతులను చూశాడని, నా చేతులు చెప్పేదానికి కారు చేసేది తిరగబడి ఉందని అప్పుడే పట్టేశాడని తర్వాత తెలిసింది.

కర్రను నా వైపు వెంట్రుకవాసి లాగాను. కారు కదిలింది, వెనక్కి, నేను అనుకున్నట్టే. ఇంకొంచెం లాగాను. గొట్టం కొన ఒక్కో పోగును తాకుతూ, వదులుతూ, టిక్కు టిక్కుమంటూ జరుగుతోంది. పోగుల నుంచి గంజి చుక్కలు కారు కప్పు మీద పడుతున్నాయి. కాస్త కుడికి వాలింది. ఎడమకు తిప్పాను, ఎడమకే వచ్చింది. నాలుగడుగుల వెడల్పులో సగం, అంటే రెండడుగులు. ఆ రెండడుగులు దాటడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నా పక్కన నాయన ఊపిరి తీయడం మాత్రం వినబడుతూనే ఉంది. చివరి పోగు వదిలి, గొట్టం చటుక్కున నిలువుగా లేచి, గంజి నాలుగు దిక్కులా చిలికింది. కారు అవతలి పక్క ఎండలో నిలబడింది. పెద్దమ్మ కుంచె పడేసి, పడుగు కింద చెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరదాకా తడిమింది. రెండే తెగినాయంది. అక్కడే నిలబడి ఆ రెండూ ముడివేసుకుంది.

తర్వాత షావుకారు కోసం వీధి మొగదాకా నడిపించి, మలుపు తిప్పి, ఆయన కాళ్ళ దగ్గరికి తెచ్చి ఆపాను. పెట్టె తిరగేసి, తీగ పొట్టలో గుచ్చుకుంటుండగా. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సాకు సాకు, చాలన్నాడు. ఇట్లా తిరగేసి పట్టుకునే కారు నాకేల, నువ్వే పెట్టుకోమన్నాడు. జీపెక్కుతూ నాయనతో, పెన్సిలు ఇచ్చెయ్యమన్నాడు. నాయన తలైనా ఊపలేదు, మగ్గాల గదిలోకి వెళ్ళిపోయాడు. కారు నడిచింది నిజమే, కానీ తప్పుగా నడిచింది. ఇస్తాడో ఇవ్వడో తెలియదు. మధ్యాహ్నందాకా కండెలు చుట్టాను. ఒక్క కండె కూడా సరిగ్గా రాలేదు.

అన్నాలయ్యాక పిలిచాడు. మగ్గంలో కూర్చుని ఉన్నాడు, పక్కన తెల్లబట్ట మూట ఉంది. తీసుకొమ్మని నా వైపు తోశాడు. నేను వంగి అందుకోబోతుంటే, మూట మీద చెయ్యి వేసి ఆపాడు. తల మగ్గంవైపే ఉంది.

"ఒగ మాట చెప్పల్ల నీకు. ఆ వస్త్రం సగం నేసినాక చూసినా నేను. శంఖం, చక్రం నా కంటికి సరిగ్గా కనబడె. మగ్గం మింద సరిగ్గా కనబడిందంటే తప్పని నాకు తెలీదా, ఇన్నేండ్లు నేసినోన్ని? విప్పల్లంటే అంత జరీ పోతాది. స్వామి మింద ఎవురు చూస్తార్లే అనుకొంటి. నేసేస్తి."

ఆయన నాడెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊరికే జరిపాడు.

"తప్పు నీ చెయ్యి చేసింది. దాచింది నేను. వీధిలో తల ఎత్తుకోలేక నీ పెన్సిలు తీసుకొంటి" అన్నాడు, చెయ్యి తీసేశాడు.

నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళంతా కోపం వచ్చింది. ఏడాది పాటు వీధివీధంతా నన్ను శంఖుచక్రం అని పిలుస్తుంటే ఈయన విన్నాడు. పొరుగువాడు వచ్చి నా చోట కూర్చుని గీస్తుంటే చూశాడు. కొట్లో అయిదారుగురి ముందు చెడగొడతాడన్నాడు. మూట తీసుకుని బయటికి వచ్చేశాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, అన్నం దగ్గర కూడా అటు తిరిగి కూర్చున్నాను. ఆయన క్షమించమని అడగలేదు. అడిగే మనిషి కాదు. మూడో రోజు సాయంత్రం అరుగు మీద నుంచి, "కారు యాడుండాది?" అన్నాడు. నేను లేచి వెళ్ళి తెచ్చిచ్చాను. పెట్టె తిరగేసి పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే, వీధి మొగదాకా గీత గీసినట్టు నడిపించాడు. జీవితమంతా వెనకవైపు చూస్తూ ముఖం నేసిన మనిషికి అది ఒక లెక్కా? మలుపు దగ్గర ఎడమకు తిప్పి తిరిగి తెస్తుంటే, ఆయన ముఖంలో నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. కోపం అప్పుడు పోయిందని చెప్పను. తగ్గిందంతే.

ఆ కారు పళ్ళచక్రాలను విప్పి సరిచేయడం పది నిమిషాల పని. నేను చేయలేదు. పెనుకొండ మామ వచ్చినప్పుడల్లా పోట్లాడేవాడు, సిగ్గులేదా అల్లుడా అని. ఆదివారం సాయంత్రాలు నాయన ఉన్నన్నాళ్ళూ దాన్ని అట్లాగే, బోర్లాగానే, నడిపించాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కారు ఇప్పటికీ మా బీరువా మీద ఉంది, చక్రాలు తిరగవు. గొట్టానికి అంటిన గంజి పసుపురంగుకు తిరిగింది.

కొత్త కారును ఎర్రబాణం చెప్పినట్టే, దిక్కు చూసుకుని, తిప్పకుండా బిగించాను. ఈ పొద్దున మిద్దె మీదికి తీసుకెళ్ళి నేల మీద పెట్టి, రేడియో పెట్టె చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలియకుండానే నా చేతులు దాన్ని పొట్టవైపు తిప్పుకున్నాయి. కర్ర ముందుకు తోయగానే కారు వెనక్కి పోయి నీళ్ళ తొట్టికి కొట్టుకుంది. బట్టలారేస్తున్న మా ఆమె చూసి, తొమ్మిది కార్లయినా నేర్చుకోలేదా అని నవ్వింది. పెట్టెను సరిగ్గా పట్టుకోకుండా కాసేపు అట్లాగే నిలబడ్డాను. ఆ రోజు నాయన దాన్ని తన చేతిలోకి తీసుకుని ఉంటే పడుగు ఎట్లాగూ బతికేది. తీసుకోకుండా నా చేతిలోనే ఎందుకు వదిలాడో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. చాలా ఏళ్ళు నేను ఆ ఏడాదిని వెనకవైపు నుంచే చూశాను, నాకు జరిగిన అన్యాయమే కనబడేది. ముఖం చూడాలంటే చీర మగ్గం దిగాలి. దిగేసరికి నేసినవాడు పక్కన ఉండడు.